బేస్‌మెంటు సీఎన్‌సీకి ఏ వైరు వేయాలి?

ప్రశ్న: చికాగో దగ్గర నేపర్‌విల్‌లో మా ఇంటి బేస్‌మెంటులో, చెక్క కోయడానికి చిన్న సీఎన్‌సీ మిషను సొంతంగా కట్టుకుంటున్నాను. నాలుగు నీమా 23 స్టెప్పర్ మోటార్లు, ఆరు లిమిట్ స్విచ్చులు, ఒక ఎమర్జెన్సీ బటన్ ఉన్నాయి. ఎంత మందం వైరు కొనాలి? ఒకే రకం కేబులు ఒక పెద్ద చుట్ట తెచ్చుకుని అన్నిటికీ వాడితే సరిపోదా?

జవాబు: అందరూ ముందు మందం గురించే అడుగుతారు. నిజానికి అది తేలిగ్గా తెగే లెక్క. ముందు దాన్ని వదిలించుకుందాం.

మీ మోటారు ఒక్కో కాయిలుకు 2.8 ఆంపియర్లు తీసుకుంటుందనుకుందాం. ఈ సైజు మోటార్లలో చాలావాటికి అంతే ఉంటుంది. మోటారు కంట్రోల్ పెట్టెకు 3 మీటర్ల దూరంలో ఉంటే, కరెంటు వెళ్లి తిరిగి రావాలి కనుక తీగ 6 మీటర్లు. అమెరికా లెక్కలో 22 గేజి తీగకు మీటరుకు 0.053 ఓముల నిరోధం. అంటే మొత్తం 0.32 ఓములు, దారిలో పోయేది 0.9 వోల్టులు. అదే 18 గేజి అయితే 0.35 వోల్టులు. మీ సప్లై 36 వోల్టులదైతే ఈ తేడా లెక్కలోకే రాదు. పైగా స్టెప్పర్ డ్రైవరు కరెంటును తానే కొలుచుకుంటూ నిలబెడుతుంది కాబట్టి అర వోల్టు తగ్గినంత మాత్రాన మోటారు నీరసపడదు. వేడి సంగతి చూసినా, 22 గేజిలో ఆ 6 మీటర్ల పొడవునా కలిపి రెండున్నర వాట్లు. అయితే స్టెప్పర్ కదలకుండా నిలబడి ఉన్నప్పుడు కూడా కరెంటు తాగుతూనే ఉంటుంది. గంటల తరబడి నడిచే మిషను కదా, కాస్త ఎక్కువే ఉండనివ్వండి. మోటార్లకు 18 గేజి. మన ఊళ్లో 0.75 స్క్వేర్ ఎంఎం అని అడిగి కొనే దానికి ఇది దగ్గర, ఒక వెంట్రుక మందం ఎక్కువ. గేజి నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుందని మరచిపోకండి. మూడు నంబర్లు పెరిగితే రాగి సగమవుతుంది.

అసలు చూడాల్సింది పోగులు. మన పాత ఎలక్ట్రీషియన్లు షాపుకు వెళ్లి ‘3/20 ఇవ్వు, 7/20 ఇవ్వు’ అనేవారు. మొదటి అంకె పోగుల సంఖ్య, రెండోది ఒక్కో పోగు గేజి. అమెరికా చుట్టల మీదా ఇదే పద్ధతి కనిపిస్తుంది. 18 గేజి తీగ ఒకే కడ్డీగా దొరుకుతుంది, 16/30గా దొరుకుతుంది, 41/34గానూ దొరుకుతుంది. మూడింట్లోనూ రాగి దాదాపు ఒకటే. కానీ మీ మిషను వంతెన (గాంట్రీ) ముందుకూ వెనక్కూ పోతుంటే, కేబుల్ చెయిన్‌లో తీగ ఒకే చోట వేలసార్లు వంగుతుంది. కడ్డీ తీగ ముందు తెగుతుంది, 41 పోగులది చాలాకాలం బతుకుతుంది. ఎందుకంటే వంగినప్పుడు తీగ బయటి అంచు సాగుతుంది, లోపలి అంచు నలుగుతుంది. పోగు ఎంత సన్ననిదైతే ఆ సాగుడు అంత తక్కువ.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. హార్డ్‌వేర్ దుకాణంలో 18/5 అని రాసిన చుట్ట చవగ్గా కనిపిస్తుంది. అది థర్మోస్టాట్ కేబులు. ఇక్కడ మొదటి అంకె గేజి, రెండోది లోపలి తీగల సంఖ్య. ఐదూ కడ్డీ తీగలే. గోడలో కదలకుండా పడి ఉండటానికి చేసింది. చెయిన్‌లో వేస్తే తెగుతుంది. తెగినా పైన తొడుగు చెక్కుచెదరదు కనుక, ఒక వైపు వంగినప్పుడు తగిలి మరో వైపు వంగినప్పుడు విడిపోతూ మిమ్మల్ని వారాల తరబడి తిప్పుతుంది. రాగి పూత పూసిన అల్యూమినియం తీగలూ ఇలాంటివే. కొస గీకి చూడండి, లోపల తెల్లగా ఉంటే పక్కన పెట్టేయండి.

మిషను గ్యారేజీలో పెట్టే ఆలోచన ఉంటే ఇంకో మాట. 2019 జనవరి 30న చికాగో ఓహేర్ విమానాశ్రయంలో మైనస్ 23 ఫారెన్‌హీట్ నమోదైంది, అంటే సుమారు మైనస్ 30 సెల్సియస్. అంత కాకపోయినా మీ దగ్గర వేడి లేని గ్యారేజీ ప్రతి చలికాలం గడ్డకడుతుంది. మామూలు పీవీసీ తొడుగు ఆ చలికి కర్రలా బిగుసుకుని పగులుతుంది. అక్కడికైతే పాలీయురేథేన్ తొడుగు ఉన్న కేబులు కొనాలి. బేస్‌మెంటే అయితే ఆ ఖర్చు దండగ.

ఇక మీ రెండో ప్రశ్న, అన్నిటికీ ఒకే కేబులు ఎందుకు వద్దు? మోటారు వైరులో పారేది నిలకడైన కరెంటు కాదు. డ్రైవరు 36 వోల్టులను సెకనుకు వేలసార్లు తెగ్గొట్టి మళ్లీ కలుపుతూ ఉంటుంది. పక్కపక్కన పడుకున్న రెండు తీగలు, మధ్యలో తొడుగు, ఇవి కలిస్తే అదే ఒక చిన్న కెపాసిటర్. మోటారు తీగలో వోల్టేజి ఎగిసిన ప్రతిసారీ పక్క తీగలోకి చిన్న తోపు పడుతుంది. ఇంకో మోటారు తీగ అయితే దాన్ని పట్టించుకోదు. లిమిట్ స్విచ్చి తీగ అయితే కంగారు పడుతుంది. కంట్రోలరుగా చాలామంది వాడే ఆర్డుయినో ఊనో బోర్డులోని చిప్పు, స్విచ్చి పిన్నును 20 నుంచి 50 కిలో ఓముల లోపలి రెసిస్టరుతో 5 వోల్టులకు లాగి ఉంచుతుంది. అంటే ఆ తీగలో పారేది మిల్లీ ఆంపియరులో పావు వంతుకు మించదు. అంత బక్క సిగ్నలును మోటారు తీగ పక్కన పెట్టడమంటే పెళ్లింట్లో బాజాల పక్కన కూర్చుని ఫోన్లో గుసగుసలాడటమే. ఎవరూ స్విచ్చి తాకకుండానే మిషను ‘లిమిట్ తగిలింది’ అని మధ్యలో ఆగిపోతుంది, చెక్క పాడవుతుంది.

డబ్బులు ఎటు పెట్టాలనేదే ఇక్కడ ప్రశ్న. చాలామంది మోటారు వైరుకు లావుది, ఖరీదైనది కొని, స్విచ్చులకు మిగిలిన ముక్కలు వేస్తారు. నా మట్టుకు శ్రద్ధంతా స్విచ్చి వైపే పెట్టమంటాను.

స్విచ్చులకు 22 గేజి, పోగుల తీగ, మెలితిప్పిన జత, పైన షీల్డు ఉన్న కేబులు తీసుకోండి. మెలిక ఎందుకంటే, బయటి అలజడి రెండు తీగల మీదా దాదాపు సమానంగా పడి చాలావరకు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుంది. అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లోనే టెలిఫోను తీగల కోసం దీనికి పేటెంటు తీసుకున్నారు. ఆయన పేరు మీది బెల్ ల్యాబ్స్, 1960ల నుంచి మీ నేపర్‌విల్‌లోనే ఇండియన్ హిల్ కేంద్రంలో టెలిఫోను ఎక్స్‌ఛేంజీల మీద పనిచేసింది. షీల్డును పెట్టె వైపు మాత్రమే ఎర్తుకు కలపండి. స్విచ్చి వైపు కత్తిరించి, హీట్ ష్రింక్ తొడగండి. రెండు వైపులా కలిపితే మిషను చట్రం, షీల్డు కలిసి ఒక వలయమై, అందులో కరెంటు తిరగడం మొదలవుతుంది. మోటారు కేబులుకూ షీల్డు ఉంటే మంచిదే. రెండిట్లో ఒకదానికే డబ్బులున్నాయంటే స్విచ్చులకు వేసి, రెండు రకాల కేబుళ్లనూ నాలుగైదు అంగుళాల ఎడంలో నడిపించండి. దాటక తప్పని చోట అడ్డంగా దాటించండి. చికాగో చుట్టుపక్కల ఇంటి వైరింగును లోహపు గొట్టాల్లో వేయడం ఆనవాయితీ కదా, ఆ గొట్టం ముక్క ఒకటి తెచ్చి, కదలని చోట స్విచ్చి తీగలను అందులోంచి తీసుకెళ్లి గొట్టాన్ని ఎర్తు చేస్తే అదే షీల్డు.

స్విచ్చిని మామూలుగా మూసి ఉండి, తగిలితే తెరుచుకునే పద్ధతిలో కలపండి. తీగ తెగినా, ఊడినా అది స్విచ్చి నొక్కినట్టే లెక్క కాబట్టి మిషను ఆగుతుంది. తెరిచి ఉండే పద్ధతిలో అయితే తెగిన సంగతి వంతెన వెళ్లి కొసకు గుద్దుకున్నాకే తెలుస్తుంది. రెండో లాభం గురించి తక్కువమంది మాట్లాడతారు. మూసి ఉన్న స్విచ్చి సిగ్నలు తీగను నేరుగా గ్రౌండుకు కట్టేసి ఉంచుతుంది కాబట్టి, పక్కనుంచి వచ్చే తోపు అటే జారిపోతుంది. ఒకే అక్షం మీది రెండు స్విచ్చులను వరసగా కలిపితే ఒక పిన్ను చాలు. కంట్రోలరులో జీఆర్‌బీఎల్ ఫర్మ్‌వేరు వాడుతుంటే 5వ నంబరు సెట్టింగును 1 చేయాలి. ఇంత చేసినా బొంకు అలారాలు వస్తుంటే బయట 1 కిలో ఓము రెసిస్టరు ఒకటి 5 వోల్టులకు, 0.1 మైక్రో ఫారడ్ కెపాసిటరు ఒకటి గ్రౌండుకు వేయండి. తీగలో కరెంటు 5 మిల్లీ ఆంపియర్లకు పెరుగుతుంది. స్విచ్చి కాంటాక్టులు కూడా శుభ్రంగా ఉంటాయి.

మీ ఊరి చలికాలానికి ప్రత్యేకమైన తంటా ఇంకొకటి ఉంది. హీటరు నడిచే ఇంట్లో గాలి ఎండిపోతుంది. డస్ట్ కలెక్టరు ప్లాస్టిక్ గొట్టంలో రంపపు పొడి రాసుకుంటూ పోతుంటే స్టాటిక్ పోగై, ఎక్కడో చిటుక్కుమని స్విచ్చి తీగ మీదికి దూకుతుంది. జూలైలో బుద్ధిగా నడిచిన మిషను జనవరిలో మొండికేస్తే ముందు దీన్ని అనుమానించండి. గొట్టం పొడవునా బోడి రాగి తీగ చుట్టి ఎర్తు చేస్తే సరి.

రంగుల విషయంలో మాత్రం మన అలవాటు ప్రమాదం. మన దేశపు పాత వైరింగులో నలుపు న్యూట్రల్. అమెరికా ఇంటి వైరింగులో నలుపే ఫేజు, తెలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు. పెట్టెలోకి 120 వోల్టులు వచ్చే చోట అలవాటు కొద్దీ చెయ్యి పెట్టకండి. మూడు తీగల ప్రాక్సిమిటీ సెన్సార్లలో మళ్లీ వేరే లెక్క: గోధుమరంగు ప్లస్, నీలం మైనస్, నలుపు సిగ్నలు.

కనెక్టర్ల సంగతి క్లుప్తంగా. మోలెక్స్ కంపెనీ ముఖ్య కార్యాలయం మీ పక్కనున్న లైల్‌లోనే ఉంది, కాకపోతే ఏ కంపెనీదైనా కొక్కెం పడి బిగుసుకునేదే కొనండి. కరెంటు ఉండగా మోటారు ప్లగ్గు ఊడితే కాయిలులోంచి ఎగిసే వోల్టేజికి డ్రైవరు కాలిపోతుంది. స్క్రూ టెర్మినల్‌లో పెట్టే పోగుల కొసలకు సోల్డరు పూయకండి. ఒత్తిడికి అది మెల్లగా నలిగి స్క్రూ వదులవుతుంది. ఫెర్రూల్ తొడిగి క్రింప్ చేయండి. ఎమర్జెన్సీ బటన్ కంట్రోలరుకు సిగ్నలు పంపేదిగా కాక, మోటార్ల సప్లైనే తెంచేదిగా ఉండాలి.

కోత బిట్టును తిప్పడానికి వీఎఫ్‌డీతో (వేగం మార్చే డ్రైవుతో) నడిచే స్పిండిల్ పెడుతుంటే, మిషనులో అన్నిటికంటే పెద్ద రొద దానిదే. దానికి నాలుగు తీగల షీల్డు కేబులు విడిగా వేయండి. షీల్డును ఎక్కడ కలపాలో మాన్యువల్ చెప్పినట్టే చేయండి. స్విచ్చి కేబులు సూత్రం ఇక్కడ వర్తించదు, సాధారణంగా రెండు వైపులా కలపమనే ఉంటుంది. చవక స్పిండిళ్లలో నాలుగో పిన్ను లోపల దేనికీ కలిపి ఉండకపోవచ్చు. మల్టీమీటరు ఒక కొస ఆ పిన్నుకు, ఒక కొస స్పిండిల్ ఒంటికి పెట్టి చూడండి. బీప్ రాకపోతే ఎర్తు లేనట్టే. స్పిండిల్ మూత విప్పి అది కలిపాకే స్విచ్చి నొక్కాలి.

అంతా బిగించాక చెక్క పెట్టకముందే, స్పిండిల్ పూర్తి వేగంతో తిప్పి, డస్ట్ కలెక్టరు వేసి, మూడు అక్షాలనూ ఈ కొస నుంచి ఆ కొసకు పావుగంట ఊరికే పరిగెత్తించండి. అలారం వస్తే ముందు స్పిండిల్ ఆపి చూడండి, తర్వాత కలెక్టరు, తర్వాత ఒక్కో మోటారు. ఏది ఆపితే అలారం ఆగుతుందో స్విచ్చి కేబులును దాని నుంచే దూరం జరపాలి.