వికారంగా ఉందని నీళ్ళు మానకండి

చంద్రపూర్ ఎండల సంగతి మన పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. 2019 మే నెలలో ఇక్కడ 48 డిగ్రీలు నమోదయింది. బొగ్గు గనుల్లో, బల్లార్‌పూర్ కాగితం మిల్లులో పనుల కోసం కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చి స్థిరపడిన మన కుటుంబాలకు ఈ ఎండ అలవాటే. ఆ అలవాటే మనల్ని ఎలా ఏమరుస్తుందో మా అత్తమ్మ విషయంలో నాకు తెలిసివచ్చింది.

కొన్నేళ్ళ క్రిందట చైత్రమాసంలో మహాకాళి జాతరకని ఆమె మంచిర్యాల నుంచి రైల్లో వచ్చారు. దారిలో మాటిమాటికీ లేవవలసి వస్తుందని తెల్లవారుజాము నుంచి గుక్కెడు నీళ్ళు కూడా తాగలేదట. మన ఆడవాళ్ళ ప్రయాణాలన్నీ ఇంతే కదా! రైలు దిగి నేరుగా గుడికి వెళ్ళి, ఎండలో వరుసలో నిలబడి, మిట్టమధ్యాహ్నం ఇల్లు చేరారు. అన్నం వడ్డిస్తే ముట్టలేదు.

"కడుపుల తిప్పుతాంది బిడ్డా, ఏం వద్దు" అన్నారు.

పైత్యమనుకుని అల్లం ముక్క, ఉప్పు ఇచ్చాను. నీళ్ళిస్తే "తాగితే కక్కొస్తది" అని గ్లాసు పక్కన పెట్టేశారు. నేనూ బలవంతపెట్టలేదు. కడుపు ఖాళీగా ఉంటే అదే సర్దుకుంటుందనుకున్నాను. నేను చేసిన పొరపాటు అదే.

సాయంత్రం మంచం మీంచి లేవబోయి తూలిపోయారు. నాలుక పిడచకట్టుకు పోయింది. పొద్దుటినుంచి ఒక్కసారే మూత్రం వచ్చిందని, అదీ ముదురు పసుపు రంగులో ఉందని అప్పుడు చెప్పారు. మావారు పరుగున వెళ్ళి డాక్టరుగారిని పిలుచుకొచ్చారు. ఆయన చూసి, "ఇదంతా ఒంట్లో నీళ్ళు తగ్గిపోవడం వల్లేనమ్మా. గ్లాసు తీసేసి చెంచా తీసుకురండి" అన్నారు.

ఓ.ఆర్.ఎస్. పొట్లం కలిపి రెండు నిమిషాలకొక చెంచా పట్టాను. ఒకసారి వాంతయింది. భయపడి ఆపబోతే, పది నిమిషాలు ఆగి మళ్ళీ మొదలుపెట్టమన్నారు. చెంచాలు నిలిచాక చిన్న గుక్కలు పట్టాను. రాత్రి పదింటికి "ఇంత చారన్నం పెట్టు బిడ్డా" అన్నారు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నీళ్ళు తగ్గితే వికారం ఎందుకని డాక్టరుగారిని అడిగాను. ఎండలో ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు ఎక్కువగా వెళుతుంది. చెమట వల్ల రక్తంలో నీటి పాలు కూడా తగ్గుతుంది. దాంతో కడుపుకు, పేగులకు అందే రక్తం తగ్గి, తిన్నది, తాగింది త్వరగా కిందికి దిగదు. అందుకే తిప్పుతుంది. తిప్పుతోందని నీళ్ళు మానితే ఇంకా ఎండిపోతాం, వాంతి అయితే ఉన్న నీళ్ళూ పోతాయి. ఒక్కసారిగా గ్లాసెడు తాగినా కడుపు తిప్పికొట్టవచ్చు. చెంచాడు చెంచాడుగా పోస్తే ఇముడుతుంది. చెమట ధారగా పోయినప్పుడు ఉప్పు లేని నీళ్ళే అదేపనిగా తాగినా రక్తంలో ఉప్పు పలచబడి వికారం కలుగుతుంది.

ఓ.ఆర్.ఎస్.లో ఉప్పుతోపాటు గ్లూకోజు ఎందుకంటే, పేగుల్లో గ్లూకోజు ఉప్పును వెంటబెట్టుకుని రక్తంలోకి వెళుతుంది, వాటి వెనకే నీరూ వెళుతుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయాన బొంగావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగి సెలైన్ సీసాలు చాలకపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ నీళ్ళే కలిపించి రోగులకు తాగించారు. నూటికి ముప్ఫైమంది దాకా పోతున్నచోట మరణాలు నలుగురికి లోపే తగ్గాయి. ఆయన 2022లో కన్నుమూశాక, 2023లో పద్మవిభూషణ్ ప్రకటించారు.

పొట్లం దొరకనప్పుడు కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపాలి. చెంచాలు తలకొట్టి కొలవాలి, ఉప్పు ఎక్కువైతే హాని. వికారం రాకముందే తాగడానికి మనకు ఉప్పేసిన మజ్జిగ, గంజి, జొన్న అంబలి, శ్రీరామనవమి పానకం ఉన్నాయి. మరాఠీ పొరుగువారి పచ్చిమామిడి పన్హే సరేసరి!

ఒక్క హెచ్చరిక. మాట తడబడినా, మనిషి మగతగా ఉన్నా, ఒళ్ళు నిప్పులా కాలుతున్నా అది వడదెబ్బ. నోట్లో ఏమీ పోయకుండా, ఒంటిమీద నీళ్ళు పోసి విసురుతూ వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. పెద్దవాళ్ళకు వికారంతోపాటు ఛాతీ నొప్పి, ఆయాసం ఉంటే గుండె సంగతి కావచ్చు, ఆలస్యం చేయరాదు. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు ఎంత తాగాలో వైద్యుణ్ణి ముందే అడిగి ఉంచుకోవాలి.

ఇప్పుడు మా ఇంటికి ఎండలో ఎవరొచ్చినా మొదట ఉప్పేసిన మజ్జిగ ఇస్తాను. "కడుపులో తిప్పుతోంది, వద్దు" అంటే మాత్రం గ్లాసు వెనక్కి తీసుకెళ్ళను. చెంచా పట్టుకుని పక్కన కూర్చుంటాను. మీరూ అలాగే చేయండి.