చెవిలో మోతకో రికార్డు బుక్కు

పోయినేడు ఫెస్ట్ రాత్రి డీజే స్పీకర్ పక్కనే రెండు గంటలు గెంతాను. రూముకొచ్చి పడుకుంటే చెవుల్లో కుయ్‌మని సన్నటి మోత. పొద్దున్నకి పోతుందిలే అనుకున్నా. వారం గడిచినా పోలేదు.

ఈఎన్‌టీ డాక్టరు గారు వినికిడి పరీక్ష చేయించి, దీన్ని టిన్నిటస్ అంటారని చెప్పారు. పెద్ద శబ్దాలకి లోపలి చెవిలోని సున్నితమైన కణాలు దెబ్బతింటాయి. అక్కడి నుంచి సిగ్నల్ తగ్గేసరికి మెదడు గెయిన్ పెంచుకుంటుందని ఒక వివరణ. పాట లేకుండా యాంప్లిఫయర్ వాల్యూమ్ పెంచితే స్పీకర్లో బుస్సుమంటుందే, అలాగన్నమాట.

నిజానికి నన్ను తినేసింది మోత కాదు, "నా పని అయిపోయింది" అన్న ఆలోచన. సెమ్ పరీక్షలు పది రోజుల్లో ఉన్నాయి. పుస్తకం తెరిస్తే ఏడుపొచ్చేది.

అప్పుడు కౌన్సెలర్ మేడమ్ థాట్ రికార్డు రాయడం నేర్పించారు. 1960ల్లో అమెరికన్ సైకియాట్రిస్ట్ ఆరన్ బెక్ మొదలుపెట్టిన చికిత్సా పద్ధతిలోంచి వచ్చిందిది. మన ల్యాబ్ రికార్డులాగే గడులు గీసుకుని నింపాలి. నా మొదటి పేజీ ఇది:

సందర్భం: రాత్రి 11, లైటు తీసేశాక మోత.
ఆలోచన: ఈ రాత్రి నిద్ర పట్టదు, పరీక్ష పోతుంది. నమ్మకం 90 శాతం.
భావం: భయం, 85.
అనుకూలంగా సాక్ష్యం: నిన్న ఒంటిగంట దాకా పట్టలేదు.
వ్యతిరేకంగా: ఒంటిగంట తర్వాత ఆరింటి దాకా పడుకున్నాను. అదే మోతతో ఇవాళ రెండు చాప్టర్లు చదివాను.
సమతూకమైన ఆలోచన: నిద్ర ఆలస్యం కావచ్చు, అసలు పట్టకపోదు. అలసటగా ఉన్నా పరీక్ష రాయగలను.
ఇప్పుడు భయం: 50.

సున్నా కాలేదు చూడండి. కానీ 50తో పడుకోవచ్చు.

సాక్ష్యం గడిలో వైవాలో నిలబడే మాటే రాయాలి. "రేపటికి మోత తగ్గిపోతుంది" అని నేనోసారి రాసుకున్నా. రేపటికి తగ్గలేదు, భయం రెట్టింపయింది. ఊరడింపు వేరు, సాక్ష్యం వేరు. ఈ పద్ధతి శబ్దాన్ని తగ్గించదు, దాంతో పడే బాధని తగ్గిస్తుంది. ఒకటి రెండు పేజీలతో కాదు, రోజూ రాస్తే. మూడు వారాలకి ఒకరోజు భోజనం మధ్యలో గుర్తొచ్చింది, పొద్దున్నుంచీ మోత సంగతే పట్టించుకోలేదని.

డాక్టరుని చూడకుండా మాత్రం నోట్‌బుక్కు పట్టుకోకండి. ఒక్క చెవిలోనే మోగినా, గుండె లయతో కొట్టుకున్నా డాక్టరుకి చూపించుకోవాలి. ఉన్నట్టుండి వినికిడి తగ్గితే ఆ రోజే వెళ్లాలి. బతకాలని లేదన్న ఆలోచనే వస్తుంటే ఒంటరిగా రాసుకుంటూ కూర్చోవద్దు. పక్క రూమువాడిని లేపండి, లేదా టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి.

ఇది రాస్తున్నప్పుడూ మోగుతూనే ఉంది. మోగనీ. ఈసారి ఫెస్టులో మాత్రం నేను స్పీకర్లకి దూరంగా, చెవుల్లో ఇయర్‌ప్లగ్గులు పెట్టుకుని గెంతుతా. మీరూ వచ్చేయండి.