అమ్మ మామిడి తోటలో... మరి పాపాయి?

ఆవకాయకి కాయలు తెప్పించారా? టెంక ముదిరిందో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకుంటాం కదూ! మరి ఆ కాయల్ని ఏరి, తుడిచి, వరిగడ్డి పరిచి పెట్టెలకెత్తిన తల్లుల చంటిపిల్లలు ఆ సమయంలో ఎవరి దగ్గరున్నారో ఎప్పుడైనా ఆలోచించామా?

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి... ఏప్రిల్ వచ్చిందంటే ఈ చుట్టుపక్కల పనంతా తోటల్లోనే. (2022లో కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాకి మారినా నూజివీడు రసాలు నూజివీడు రసాలే లెండి!) మగవాళ్ళు చిక్కాలతో కాయ దింపుతారు. కాయల్ని సైజులవారీగా వేరుచేయడం, పెట్టెల్లో సర్దడం, తాండ్ర కోసం రసం తీసి చాపల మీద పోయడం - వీటిల్లో ఆడవాళ్ళ చెయ్యి ఎక్కువ. ఎండ ముదరకముందే పని సాగాలి కాబట్టి తెల్లవారుతూనే ఇంట్లోంచి కదలాలి.

అంగన్‌వాడీ ఉందిగా, అంటారేమో. ఉంది! 1975 అక్టోబరు 2న మొదలైన ఐ.సి.డి.ఎస్. పథకం చలవే అది. మూడేళ్ళు దాటిన పిల్లలకి ఆటపాటలు, వేడి అన్నం, గుడ్డు. ఆ మేలు కాదనలేం. కానీ ఆ తలుపులు తెరుచుకునేసరికి తోటకెళ్ళే తల్లి సగం పని చేసేసి ఉంటుంది. ఇక మూడేళ్ళలోపు వాళ్ళకి బాలామృతం పిండి ఇంటికి ఇస్తారే గాని, మామూలు కేంద్రంలో పిల్లని రోజంతా ఉంచుకోరు. అసలు చిక్కు అక్కడే ఉంది.

నాయనమ్మో, అమ్మమ్మో ఓపికగా ఉంటే సరే. లేకపోతే? ఎనిమిదేళ్ళ అక్క చంక ఖాళీగా ఉంది కదా! "వేసవి సెలవులేగా" అంటాం. జూన్‌లో బడి తెరిచేనాటికి చివరి కాయ ఇంకా చెట్టునే ఉంటుంది. "ఇంకో వారం ఉండవే తల్లీ" అంటారు. ఆ వారం ఎన్ని వారాలవుతుందో!

కొందరు పిల్లని తోటకే తీసుకెళ్ళి కొమ్మకి చీర ఉయ్యాల కడతారు. చూడ్డానికి ముచ్చటే. కాయ తొడిమ నుంచి కారే సొన పసివాళ్ళ చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది సుమండీ! మందు కొట్టిన డబ్బాలు, మూతలేని నీళ్ళ తొట్లు సరేసరి.

ఆఫీసుల్లో అయితే 50 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట శిశుసంరక్షణ గది ఉండాలనీ, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసుకోవచ్చనీ 2017లో చట్టాన్ని సవరించారు. తోట కూలీకి ఆ మాట ఎవరు చెబుతారు? కానీ 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టంలో ఒక చక్కటి ఏర్పాటు రాశారు. పని దగ్గరికి ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురు, అంతకు మించి వస్తే, ఆ ఆడకూలీల్లోనే ఒకరిని పిల్లల్ని చూసుకోవడానికి పెట్టి, ఆమెకీ కూలి ఇవ్వాలని! చెరువు పూడిక తీసేచోట పనికొచ్చిన లెక్క మామిడి తోటలో ఎందుకు పనికిరాదు?

మీది తోట ఉన్న ఇల్లయితే మీవారితో ఒక్కమాట అని చూడండి. సీజన్ మొత్తానికి ఒక్క మనిషి కూలి. ఓపిక తగ్గినా పిల్లల్ని పెంచిన అనుభవమున్న పెద్దావిడైతే మరీ మంచిది. పెట్టెలు సర్దేచోటికి దూరంగా ఒక పాక, చాప, మూత ఉన్న కుండలో కాచి చల్లార్చిన నీళ్ళు చాలు. ఆరు నెలలలోపు బిడ్డకి తల్లిపాలే ఆహారం కాబట్టి, పాలివ్వడానికి తల్లి లేచి వెళితే కూలి కోయకూడదు. అదొక్కటీ ముందే మేస్త్రీకి గట్టిగా చెప్పించండి.

కాస్త పెద్ద పిల్లలకి విరేచనాలైతే లీటరు నీళ్ళలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు సమంగా కొలిచి కలిపి కొద్దికొద్దిగా తాగించమనండి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. పిల్ల నీరసంగా వాలిపోయినా, తాగలేకపోయినా వెంటనే ఆసుపత్రికే. ఇక ఆ చూసుకునే పని ఎనిమిదేళ్ళ అక్కకి అప్పజెబుతానంటే మాత్రం ఒప్పుకోకండి. ఆ పిల్ల బడి ఏ తేదీన తెరుస్తారో అడగండి.