చేప పిల్లకు కావలసిన పది

మేత బస్తా మీద మాంసకృత్తుల శాతం ఎంత ఎక్కువుంటే అంత మంచి మేత అని చాలామంది నమ్మకం. చేప పిల్ల లెక్క వేరు. మాంసకృత్తులు అరిగితే వచ్చే అమైనో ఆమ్లాలతోనే దాని కండ పెరుగుతుంది. వాటిలో లైసిన్, మెథియోనిన్, త్రియోనిన్, ట్రిప్టోఫాన్ వంటి పదింటిని చేప తన ఒంట్లో తయారుచేసుకోలేదు. 1957లో అమెరికాలో జాన్ హాల్వర్ బృందం చినూక్ సాల్మన్ పిల్లల మేతలోంచి ఒక్కో ఆమ్లాన్నీ తప్పించి చూసింది. ఈ పదింటిలో ఏది లేకపోయినా పిల్లలు ఎదగలేదు. దాన్ని తిరిగి కలిపితే మళ్ళీ ఎదిగాయి.

మగ్గం మీద ఒక రంగు నూలు అయిపోతే మిగతా కండెలు ఎన్నున్నా నేత సాగదు. కండ పెరగడమూ అంతే. మిగిలిపోయిన ఆమ్లాలను చేప దాచుకోలేదు, శక్తి కోసం ఖర్చు చేసేస్తుంది. వాటిలోని నత్రజని అమ్మోనియాగా మారి మొప్పల గుండా చెరువులో కలుస్తుంది. మేతలో అతి ఖరీదైన భాగం అలా నీళ్ళపాలై, ఆ నీటినే పాడుచేస్తుంది.

బంగారు తీగ అనే కార్పు చేప పిల్లనే తీసుకుందాం. దాని మేతలోని మాంసకృత్తుల్లో దాదాపు 5.7 శాతం లైసిన్ ఉండాలి. అంటే 30 శాతం మాంసకృత్తులున్న కిలో మేతలో 17 గ్రాములు. ఆ మాంసకృత్తులన్నీ వేరుశనగ చెక్క నుంచే వస్తే దక్కేది సుమారు 10 గ్రాములు. లోటు పూడ్చడానికి చెక్కనే పెంచుకుంటూ పోతే మాంసకృత్తులు 50 శాతం దగ్గరికి చేరాలి. చెక్కలోనే అంత ఉండదు! పొడి మొత్తం లైసినే కాదు కాబట్టి కాస్త ఎక్కువ కావాలి, అయినా ఎనిమిది గ్రాముల పైచిలుకు లైసిన్ పొడితో అదే లోటు తీరుతుంది.

ఆ పొడి ఇప్పుడు అరుదైన సరుకేమీ కాదు. మొలాసిస్, మొక్కజొన్న పిండి వంటి వాటిని సూక్ష్మజీవులతో పులియబెట్టి లైసిన్‌ను టన్నుల కొద్దీ తీస్తున్నారు. తిలాపియా పిల్లలపై జరిగిన ప్రయోగాల్లో మాంసకృత్తులను కొంత తగ్గించి, తక్కువైన ఆమ్లాలను కలిపితే ఎదుగుదల తగ్గలేదు, నత్రజని విసర్జన మాత్రం తగ్గింది. అయితే దీనికీ హద్దుంది. మరీ తగ్గిస్తే ఇంకో ఆమ్లం కొరత పడుతుంది. సాల్మన్ జాతి చేపల్లో మెథియోనిన్ చాలకపోతే కంటిలో శుక్లాలు వస్తాయి, ట్రిప్టోఫాన్ చాలకపోతే వెన్ను వంకర తిరుగుతుంది.

కార్పు చేపలతో మరో చిక్కుంది. శీలావతి, బొచ్చె, బంగారు తీగలకు జీర్ణాశయం ఉండదు, తిన్నది నేరుగా పేగులోకే పోతుంది. విడిగా కలిపిన ఆమ్లం వెంటనే రక్తంలోకి చేరిపోతుంది. చెక్కలోని మాంసకృత్తులు అరిగి వచ్చేసరికి అది ఖర్చైపోయి ఉంటుంది. అందుకే ఆమ్లానికి కొవ్వు పూత పూయడం, మేతను రోజుకు ఎక్కువసార్లు కొద్దికొద్దిగా వేయడం మేలు.

ఆంధ్ర చెరువుల్లో తవుడు, చెక్క కలిపి చిల్లుల సంచుల్లో వేలాడదీసే పద్ధతి ఉంది. ఆ సంచిలో లైసిన్ పొడి చల్లితే చేప నోటికి అందేలోపే చాలావరకు నీటిలో కరిగిపోతుంది. నీటిలో విడిపోని గుళికల మేతలో కలిసి ఉంటేనే ఆ ఖర్చుకు ఫలితం దక్కుతుంది. కాబట్టి పిల్లల మేత కొనే రైతులు మాంసకృత్తుల శాతంతో పాటు లైసిన్, మెథియోనిన్ ఎంతెంత ఉన్నాయో కూడా అడిగి తెలుసుకోవాలి.