బలవంతంగా తిప్పవద్దు



2024 నవంబరు 9వ తేదీన విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణా నీటి మీదనుండి లేచి శ్రీశైలము వెళ్లిన సీప్లేనును మీలో చాలామంది టీవీలో చూచియుంటారు. ఆ వారము మా యౌవనస్థుల కూడికలో, ఆయిలింజన్లు బాగుచేసే ఒక తమ్ముడు లేచి, "అయ్యగారూ, అలాంటి విమానం మన తాండవ రిజర్వాయరులో దిగుతుందా? ఎవరైనా ఇంటి దగ్గర చేసుకోగలరా?" అని అడిగాడు. అందరూ నవ్వారు. మేము నవ్వలేదు. తన యింటివారి కొరకు ఓడ సిద్ధపరచిన నోవహు సంగతి (హెబ్రీ 11:7) మనకు తెలియనిది కాదు గదా!

చేసుకునేవారు ఉన్నారు. అమెరికా, కెనడా దేశాలలో ఇంటి షెడ్డులోనే విమానము కట్టి, చక్రాలకు బదులు పడవల్లాంటి రెండు ఫ్లోట్లు బిగించి, సరస్సుల మీద దిగేవారున్నారు. విజయవాడలో దిగిన ట్విన్ ఆటరుకు ఉన్నది టర్బైన్ ఇంజను. ఇళ్ల దగ్గర కట్టేవారిలో కొందరు మాత్రం పాతకాలపు రేడియల్ ఇంజను పెట్టుకుంటారు. కెనడాలో రూపొందిన మర్ఫీ మూస్ అనే విమానానికి రష్యా వారి ఎం-14పి ఇంజను పెట్టడం అలాంటిదే. దానికి తొమ్మిది సిలిండర్లు, 360 గుర్రాల శక్తి.

బండి చక్రానికి ఆకులున్నట్లు, నడుమ ఇరుసు చుట్టూ సిలిండర్లు గుండ్రంగా అమర్చబడి ఉంటాయి. ఒక పెద్ద కడ్డీ ఇరుసును పట్టుకుంటే, మిగిలిన ఎనిమిది కడ్డీలు దానికే అతుక్కుని ఉంటాయి. ఒకదానికి దెబ్బ తగిలితే అన్నిటికీ తగులుతుంది. 1 కొరింథీ 12వ అధ్యాయము చదివినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఇలాంటి ఇంజన్లు మిషను సేవకు కూడా పనికివచ్చాయి. యుద్ధకాలంలో అమెరికా సైన్యానికి విమానాలు నడిపిన బెట్టీ గ్రీన్ అనే సహోదరి, 1945లో ఆరంభమైన మిషన్ ఏవియేషన్ ఫెలోషిప్‌ స్థాపకులలో ఒకరు. నేలమీదా నీటిమీదా దిగగల గ్రమ్మన్ డక్ విమానాన్ని ఆమె పెరూ దేశంలో నడిపి, ఆండీస్ పర్వతాలను దాటింది. దాని ముక్కున ఉన్నది తొమ్మిది సిలిండర్ల రేడియల్ ఇంజనే.

బిగించే పని

ఎం-14పి బరువు రెండు వందల కిలోలకు పైమాటే. దానిని చెయిన్ బ్లాకుతో మెల్లగా ఎత్తి, విమానము ముందున్న ఉక్కు గొట్టాల చట్రానికి బోల్టులతో బిగిస్తారు. అదురు విమానమంతా పాకకుండా నడుమ రబ్బరు బుష్‌లు వేస్తారు. బిగించిన బోల్టు అదురుకు వదులు కాకుండా దాని తలలోనుండి సన్నని తీగ దూర్చి, పక్క బోల్టుకు మెలివేసి కడతారు. తరువాత విమానాన్ని తూచి, బరువు ఎక్కడ ఆనుతున్నదో లెక్క కడతారు. ముక్కు బరువెక్కినా తోక బరువెక్కినా గాలిలో ప్రమాదమే. గోపురము కట్టగోరువాడు ముందు కూర్చుండి లెక్క చూచుకోవాలని ప్రభువు చెప్పిన మాట (లూకా 14:28) ఇక్కడ అక్షరాలా పనికివస్తుంది.

మొదటిసారి తిప్పేముందు

అసలు పరీక్ష ఇక్కడ ఉన్నది. రేడియల్ ఇంజను ఊరకే నిలిచియుంటే, నూనె మెల్లగా జారి క్రింది సిలిండర్లలో చేరుతుంది. పైకి ఏమీ కనబడదు. నూనె గాలిలాగా నలగదు. లోపల నూనె ఉండగా ఇంజను తిప్పితే, పిస్టనుకు పోవడానికి చోటుండదు, కడ్డీ వంగుతుంది. వంగిన కడ్డీ ఆ రోజే విరగకపోవచ్చు. ఇంజను బాగానే నడుస్తున్నట్లుండి, మరొక రోజున నీటికి ఎంతో ఎత్తులో ఉండగా విరగవచ్చు.

అందుకని తెలిసినవాడు ముందు మాగ్నెటో స్విచ్చి ఆపి, ఫ్యాను రెక్కను చేతితో, తిరగవలసిన వైపుకే, మెల్లగా తిప్పుతాడు. ఎక్కడైనా బిగిసిందా, అక్కడే ఆగుతాడు. బలము చూపడు. వెనక్కి కూడా తిప్పడు, ఎందుకంటే నూనె గాలి గొట్టంలోకి పోయి దాగి, ఇంజను తిరగగానే మళ్లీ లోపలికి వస్తుంది. క్రింది స్పార్కు ప్లగ్గు ఊడదీసి, నూనె కారిపోయేవరకు గిన్నె పెట్టి కూర్చుంటాడు. ఆ తరువాతే పెట్రోలు, ఆ తరువాతే నిప్పు. ఎం-14పి ఇంజనును సీసాలో నింపిన గాలి ఒత్తిడితో తిప్పుతారు. నీటిమీద విమానానికి బ్రేకులుండవు. ఇంజను అందుకోగానే ముందుకు పోతుంది కనుక, ముందుగానే తోకను గట్టుకు త్రాడుతో కడతారు. రగిలిన వెంటనే నూనె ఒత్తిడి ముల్లు చూస్తారు. అది లేవకపోతే తక్షణమే ఆపివేస్తారు.

మేము చేసిన తప్పు

ఈ సంగతులు చదువుతుండగా మా మనస్సాక్షి మమ్మును గద్దించింది. కొన్ని సంవత్సరాల క్రితము ఒక యౌవనస్థుడు నాలుగేళ్ల తరువాత ఆరాధనకు వచ్చి వెనుక వరుసలో కూర్చున్నాడు. మేము సంతోషము పట్టలేక, ఆ ఆదివారమే అతనిని ముందుకు పిలిచి సాక్ష్యము చెప్పమన్నాము. అతడు నిలువబడ్డాడు, నోట మాట రాలేదు. చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. మరి రెండేళ్లు గుడి మెట్లు ఎక్కలేదు. ఆ నాలుగేళ్లలో అతనిలో ఏమి చేరియున్నదో మేము ఒక్కసారైనా అడగలేదు. కడ్డీని వంచినది మేమే.

తరువాత ఒక సాయంకాలము వారి చెరకు గానుగ దగ్గరకు వెళ్లి, "బాబూ, ఆ రోజు తప్పు నాది" అన్నాము. అతడు చాలాసేపు పలుకలేదు. బెల్లము పెనము చల్లారేవరకు కూర్చున్నాము. అప్పుడు తండ్రి మీది కోపము, అప్పుల బాధ, ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. ఆ రాత్రి మేము వాక్యము చెప్పలేదు, విన్నాము.

తనను ఎరుగనన్న పేతురుకు ప్రభువు గట్టున నిప్పులు వేసి, చేప, రొట్టె పెట్టి, భోజనమైన తరువాతే ప్రశ్న అడిగెను (యోహాను 21). గొఱ్ఱెలను అప్పగించుట ఆ తరువాతి మాట.

తలిదండ్రులారా, పట్టణమునుండి మౌనంగా తిరిగివచ్చిన కుమారుడు మీ ఇంట ఉన్నాడా? పుట్టింటికి వచ్చి ఏమీ చెప్పని కుమార్తె ఉన్నదా? మొదటి రాత్రే నిలదీయవద్దు. అన్నము పెట్టండి. దగ్గర కూర్చోండి. లోపల చేరినది కారిపోవడానికి సమయమివ్వండి.

ఆ యౌవనస్థుడు ఇప్పుడు ఆరాధనకు వస్తున్నాడు, వెనుక వరుసలోనే. పైకి ఇంకా ప్రార్థన చేయలేదు. మేము అడగలేదు.