గన్నేరు: పేరులోని హెచ్చరిక

బడి ప్రహరీల వెంటను, రహదారుల నడుమను కంచెగా నిలిచి, ఎండకు వాడక, ఏడాది పొడవునా పూచునది గన్నేరు. పశువులు దానిని మేయవు. కారణము దాని సంస్కృత నామముననే కలదు. కరవీరమునకు మరొక పేరు హయమారకము. అనగా గుఱ్ఱమును చంపునది.

అయినను వైద్యులు దానిని విడువలేదు. చరకసంహిత దీనిని కుష్ఠమును హరించు ద్రవ్యములలో చేర్చినది. గన్నేరుతో కాచిన తైలము చర్మవ్యాధులకు పైపూత. వేరును ఆవుపాలలో ఉడికించి శుద్ధి చేయు విధి కలదు; అది నేర్చిన వైద్యుని పని, ఇంటివైద్యము కాదు.

నేటి రసాయనశాస్త్రము ఆ పేరునే సమర్థించినది. వేరు మొదలు పూవు వరకు గల ఓలియాండ్రిన్ అను విషము గుండె లయను తప్పించును. ఎండిన ఆకులోనైనను అది నశింపదు. పూజకు పూవు కోసిన పిల్లలు చేతులు కడుగుకొనవలెను. ఆకును నోట పెట్టరాదు. మొక్కను చూపు ఉపాధ్యాయుడు పేరునకు అర్థమును కూడ చెప్పిన, పూర్వుల హెచ్చరిక వృథా కాదు.