తెరచి ఉంచిన ప్రయోగ పుస్తకం

చేదు మాత్రను బెల్లంలో పెట్టి పిల్లలచేత మింగించడం మన ఇండ్లలో పెద్దలందరికీ తెలిసిన ఉపాయమే. మాత్రలోని చేదునే తొలగించే మార్గం కోసం, ఒకరినొకరు ఎరుగని రసాయన శాస్త్రజ్ఞులు కంప్యూటరు ద్వారా కలిసి కృషి చేసిన ఉదంతం ఒకటున్నది. విశ్వవిద్యాలయాలలోని పరిశోధన జ్ఞానాన్ని ఎట్లా పంచుకోవచ్చునో అది చక్కగా తెలియజేస్తుంది.

ఆ మందు పేరు ప్రాజిక్వాంటెల్. ముఖ్యంగా ఆఫ్రికాలో, మంచినీటి నత్తల మూలంగా వ్యాపించే షిస్టోసోమియాసిస్ అనే పురుగుల వ్యాధికి ఇదే ప్రధాన ఔషధం. చెరువులలో, కాలువలలో దిగే పిల్లలు ఈ వ్యాధికి తరచు గురి అవుతారు. ఈ మందు అణువుకు కుడిచేయి, ఎడమచేయి వలె రెండు రూపాలున్నవి. ఒకటి మరొకదానికి అద్దంలోని ప్రతిబింబం. పురుగును చంపేది ఒకటే. రెండవది రోగానికి ఉపకరించకపోగా, మాత్రకు భరింపరాని చేదును తెచ్చిపెడుతుంది. సాధారణ తయారీలో రెండూ సమపాళ్లలో ఏర్పడతాయి. బీద దేశాలకు చేరవలసిన మందు కనుక, వానిని వేరుచేసే పద్ధతి చౌకగా ఉండాలి.

ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయంలో మాథ్యూ టాడ్ బృందం ఈ సమస్యను చేపట్టి, తన ప్రయోగ పుస్తకాన్ని ఇంటర్నెట్‌లో అందరికీ తెరచి ఉంచింది. సాధారణంగా ఫలించిన ప్రయోగమే పత్రికకెక్కుతుంది. విఫలమైనది బీరువాలో మరుగున పడుతుంది. మరొక దేశంలో మరొక విద్యార్థి అదే పొరపాటు దారిలో నెలలు వృథా చేస్తాడు. ఈ ఎలక్ట్రానిక్ పుస్తకంలో జయాపజయాలు రెండూ, ఏ రోజువి ఆ రోజే నమోదయ్యేవి. చూచినవారు ఎవరైనా సలహా ఇవ్వవచ్చును.

సలహా ఇచ్చినవారిలో మందుల పరిశ్రమలో అనుభవం గడించినవారు అనేకులు. వారి తోడ్పాటుతో ఒక మార్గం దొరికింది. ప్రాజిక్వాంటెల్‌ను విడగొట్టి ఒక మధ్యస్థ పదార్థాన్ని తీసి, దానికి టార్టారిక్ ఆమ్లం నుండి తయారైన పదార్థాన్ని కలిపారు. ఆ పదార్థానికి కూడ కుడి ఎడమల భేదం ఉన్నది. కుడిచేతి తొడుగు కుడిచేతికే అమరినట్లు, అది ఒక రూపంతోనే చక్కగా కూడి స్ఫటికాలుగా వేరుపడుతుంది. మరొక పరిశోధన సంస్థ వేరొక మధ్యస్థ పదార్థాన్ని తీసుకొని, టార్టారిక్ ఆమ్లంతోనే పని సాధించింది. మన చింతపండుకు పులుపునిచ్చేది ఈ ఆమ్లమే! రెండు పద్ధతులూ 2011లో ప్రచురితమైనవి.

ఈ పద్ధతికి పరిమితులు లేకపోలేదు. ముందే బహిరంగపరచిన విషయంపై పేటెంటు పొందడం కష్టం. కనుక పెట్టుబడిని పేటెంటు ద్వారా రాబట్టుకోవలసిన సంస్థలు ఇందుకు జంకుతాయి. తన ఆలోచనను ఇతరులు తమదిగా చెప్పుకుంటారన్న భయం యువ పరిశోధకులకు సహజం. అయితే ఎవరు, ఏనాడు, ఏమి చెప్పారో తేదీతో సహా నిలిచియుండే పుస్తకమే ఆ భయానికి కొంత విరుగుడు.

లాభం తక్కువ, అవసరం ఎక్కువ అయిన రోగాల విషయంలో ఈ మార్గం విలువైనది. అక్కడ దాచుకొన్న వైఫల్యానికి మూల్యం చెల్లించేది, మందు కోసం ఎదురుచూచే పిల్లలే.